చేరని కల్యాణము: మల్లికార్జున పండితారాధ్యుని ప్రయాణము

తెలుగునాట శివభక్తికి ఆధారస్తంభములై నిలిచిన మువ్వురిని పండితత్రయమందురు. శ్రీపతి పండితుడు, శివలెంక మంచన పండితుడు, మల్లికార్జున పండితుడు. వీరిలో మల్లికార్జున పండితారాధ్యుని చరిత్రము మాత్రమే మనకు విపులముగా లభించుచున్నది. దానిని ద్విపదలో రచించి యొసగిన పుణ్యాత్ముడు పాల్కురికి సోమనాథుడు. దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణములను 5 భాగములు గల ఆ మహాగ్రంథము చిలుకూరి నారాయణరావుగారి పీఠికతో 1939లో అచ్చుపడినది. అందు వాదములు గలవు, మహిమలు గలవు. వానినన్నింటిని మించి హృదయమును కదలించునది పండితుడు చేసిన యొక ప్రయాణము. అది గమ్యము చేరని ప్రయాణము.

పండితుని జన్మస్థలము ద్రాక్షారామము. తండ్రి భీమన పండితుడు, తల్లి గౌరాంబ. కోటిపల్లి ఆరాధ్యదేవుని వలన దీక్ష నొందెను. వేదశాస్త్రములందు ఆరితేఱినవాడయ్యును, కంద పద్యములలో శివతత్త్వసారమును తెలుగున రచించెను. సంస్కృతమే పాండిత్యమునకు గుఱుతని తలచు కాలమున అట్టి విద్వాంసుడు తెలుగును చేపట్టుట సామాన్య విషయము కాదు.

వెలనాటి చోడుల రాజధాని చందవోలు. నేడది బాపట్ల జిల్లాలోని యొక గ్రామము. ఆ రాజాస్థానమున పండితుడు బౌద్ధాచార్యునితో వాదించి గెలిచెను. అంతటితో కథ ముగిసియున్న బాగుగానుండెడిది. కాని పండితుని శిష్యులు ఆ బౌద్ధాచార్యుని చంపిరి. అందుకు రాజు పండితుని కన్నులు తీయించెను. శివానుగ్రహమున ఆయనకు మఱల చూపు వచ్చినదని సోమనాథుని కథనము. వాదమున గెలిచిన పిదప హత్య యెందుకను ప్రశ్న నేటి పాఠకునకు కలుగక మానదు. సోమనాథుడు ఆ ప్రశ్నకు తావీయలేదు. ఆయన కాలము వేఱు.

చందవోలున కన్నులు పోయిన కథ యిట్లుండగా, కల్యాణమున కూడ అట్టి కథయే జరిగెను. బిజ్జలుడు హరళయ్య, మధువయ్యలను శివభక్తుల కన్నులు తీయించెనని బసవపురాణము చెప్పుచున్నది. వారిలో ఒకరు చర్మకారుల యింట పుట్టినవారు, మఱొకరు బ్రాహ్మణులు. వారి బిడ్డలకు వివాహము జరుగుటయే అపరాధమైనదని కన్నడ సంప్రదాయము. అచ్చట బసవేశ్వరుడు కులమును పక్కకు నెట్టి, కాయకమును, భక్తిని మాత్రమే మనుష్యునికి కొలతగా నిలిపెను.

ఈ వార్తలు జంగముల నోట తూర్పుదేశమునకు చేరుచుండెను. పండితుని మనస్సు బసవని వైపు లాగెను, కాని ఒక అడ్డు నిలిచెను. బసవని భక్తి ఆయనకు ప్రాణప్రదము. తాను పుట్టిన బ్రాహ్మణ్యమును విడుచుట మాత్రము ఆయనకు సాధ్యము కాలేదు. ఆ మాటను ఆయన దాచుకొనలేదు, ఒప్పుకొనెను. లింగమును ధరించియు యజ్ఞోపవీతమును విడువని ఆరాధ్య సంప్రదాయము ఆయన పేరనే నిలిచినది. గొప్ప పండితుడు తన బలహీనతను దాచక చెప్పుట అరుదు. ఆయన యెడల గౌరవము కలుగుటకు ఏ మహిమకంటెను ఈ యొక్క ఒప్పుకోలు చాలును.

వర్తకుడు లాభము కొఱకు దేశము తిరుగును. పేదవాడు కూలి కొఱకు ఊరు విడుచును. భక్తుడు మొక్కు తీర్చుకొనుటకు క్షేత్రమునకు పోవును. పండితుడు ఒక మనుష్యుని చూచుటకై బయలుదేఱెను. తాను చేయలేని పనిని చేసి చూపినవానిని కన్నులార చూడవలెనను కోరిక అది. పోయి వచ్చిన కన్నులు కోరుకొనదగిన దర్శనమే.

చందవోలు నుండి కల్యాణమునకు సూటిగా గీత గీచినను సుమారు 440 కిలోమీటర్ల దూరముండును. ఆ గీత నాగార్జునసాగరమునకును మిర్యాలగూడకును నడుమ కృష్ణానదిని దాటును. నేడు కోదాడ, సూర్యాపేటల మీదుగా పోవు 65వ నంబరు జాతీయ రహదారియే హైదరాబాదు, జహీరాబాదు, హుమ్నాబాదు దాటి బసవకల్యాణము చేరువగా పోవుచున్నది. తెల్లవాఱుజామున కోదాడలో బస్సెక్కినవాడు ప్రొద్దుక్రుంకులోపుననే అచ్చటికి చేరగలడు. ఆనాడు అడవులు, ఏఱులు దాటుచు దినముల తరబడి నడువవలెను. నడుచువానికి గమ్యము దినదినమును మనస్సులో పెరుగును. చూడబోవు మనుష్యునితో ముందుగనే మాటలాడుకొనును. ఏమి అడుగవలెనో, ఏమి చెప్పవలెనో సిద్ధపఱచుకొనును. బస్సులో కునుకుపాట్లు పడుచు పోవువానికి ఆ తపన యెంతమాత్రము తెలియును?

మార్గమధ్యమున వార్త యెదురైనది. బసవేశ్వరుడు లింగైక్యము చెందెను. కల్యాణమును విడిచి కూడలసంగమమునకు పోయి, 1167 ప్రాంతమున అచ్చట ఐక్యమయ్యెను. పండితుడు దుఃఖమున మునిగెను. ఎన్నడును చూడని వాని కొఱకు, కన్న తండ్రి పోయినట్లు విలపించెను. ముందునకు పోయిన ప్రయోజనము లేదు. వెనుకకు పోవుటకు వదలివచ్చిన చోటు తనది కాదు. ఆప్తుని చివరిచూపునకై బయలుదేఱి, దారిలోనే కబురు విన్నవారికి ఆ స్థితి తెలియును.

పండితుడు కల్యాణమునకు చేరియుండినచో ఏమి జరిగెడిది? బసవని యెదుట నిలిచి జంధ్యమును తీసివేసెడివాడా? లేక బసవడే ఆయనను ఉన్నవానిని ఉన్నట్లు కౌగిలించుకొనెడివాడా? ఆ సమాగమము జరుగకపోవుటచే ఆ వాదము తీరలేదు. తెలుగునాట ఆరాధ్యులకును, లింగవంతులకును నడుమ అది తరతరములుగా సాగుచునే వచ్చినది.

సోమనాథుడు పండితుని చరిత్రమును పర్వత ప్రకరణముతో ముగించెను. అది శ్రీశైల వర్ణనము. శివరాత్రికై నలుదిక్కుల నుండి కొండకు నడచివచ్చు జనులను ఆయన చూపిన తీరు అపూర్వము. వారు తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు, పర్వత పదములు పాడుకొనుచు ఎక్కుదురు. పాట కాళ్ళ నొప్పిని మఱపించును. ఎఱుగని మనుష్యుని పక్కవానిగా చేయును. శివరాత్రి వచ్చినచో పిల్లలమఱ్ఱి ఎఱకేశ్వరుని గుడిలోను, మేళ్లచెఱువు శంభులింగేశ్వరుని సన్నిధిలోను, కృష్ణ, మూసీలు కలియు వాడపల్లిలోను గుమిగూడు జనులను చూచినవారికి ఆ వర్ణనము కొత్తగా తోపదు. ఒక్క మనుష్యుని వెదకుచు పోయి నిరాశుడైన వాని కథను వేలమంది నడుమ ముగించుట సోమనాథునికే చెల్లినది.

సోమనాథుడు మొదట బసవపురాణమును, పిదప పండితారాధ్య చరిత్రమును రచించెను. ఆయనయు పాల్కురికిని విడిచి నడచినవాడే. కన్నడ దేశమున లింగైక్యము నొందెనని సంప్రదాయము చెప్పుచున్నది.