చదువును వాకిట్లోకి తెచ్చిన తారాబాయి మోడక్

కొంతం చౌక్ చుట్టుపక్కల సాంచాల చప్పుడు మొదలయ్యే వేళకు, తల్లి బీడీల చాట ముందు కూర్చునే వేళకు, ఇంట్లో చిన్నది అంగన్‌వాడీకి పోతుంది. ఆ అంగన్‌వాడీ ఆలోచన వెనుక ఉన్న తారాబాయి మోడక్ గురించి మన పిల్లలకు చెప్పాలి.

తారాబాయి 1892 ఏప్రిల్ 19న ముంబయిలో పుట్టారు. తండ్రి సదాశివ్ కేల్కర్ ప్రార్థనా సమాజానికి చెందినవారు. ఆడపిల్ల బడికి పోవడమే అరుదైన రోజుల్లో, 1914లో ఆమె బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి బి.ఏ. పట్టా అందుకున్నారు. పెళ్లయింది గానీ కాపురం నిలవలేదు. కూతురితో రాజ్‌కోట్ చేరి, అక్కడ బార్టన్ మహిళా ట్రైనింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యారు.

భావనగర్‌లో గిజుభాయి బధేకా అప్పటికే బాలమందిర్ నడుపుతున్నారు. ఆయన వకీలు. సొంత కొడుకు చదువు కోసం వెతుకుతూ మాంటిస్సోరి పుస్తకాలు చదివి, కోర్టు వదిలేశారు. తారాబాయి కూడా మంచి ఉద్యోగం వదిలి 1923లో ఆయనతో చేరారు. పట్టా ఉన్నా, పిల్లల మనసును అక్కడ మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. పిల్లవాడు ఎందుకు ఏడుస్తాడు, దేనితో గంటసేపు ఆడతాడు, ఎవరిని చూసి భయపడతాడు అని రోజూ గమనించడమే అక్కడి పాఠం. 1926లో ఇద్దరూ కలిసి నూతన బాలశిక్షణ సంఘం స్థాపించారు. తర్వాత ముంబయికి తిరిగివచ్చి దాదర్‌లో శిశువిహార్ నడిపారు.

అయితే పట్నంలో చదువుకున్నవాళ్ల పిల్లలకే ఈ బడి దక్కడం ఆమెకు నచ్చలేదు. 1945లో సముద్రం ఒడ్డునున్న బోర్డీ ఊరికి వెళ్లారు. అక్కడ అనుతాయి వాఘ్ తోడయ్యారు. పేదవాడల పిల్లలు బడికి రాలేదు. పిలిచినా రాకపోతే తప్పు పిల్లలది కాదనుకున్నారు. బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకుపోయారు. మరాఠీలో అంగణ్ అంటే వాకిలి. అదే అంగణ్‌వాడీ. ముందు పిల్లలకు స్నానం, ఆ తర్వాత ఆట, పాట. ఖరీదైన మాంటిస్సోరి సామాను బదులు గులకరాళ్లు, ఆకులు, గింజలు, గవ్వలు.

1957లో కోస్‌బాడ్ కొండకు మకాం మార్చి వార్లీ ఆదివాసీ పిల్లల మధ్య పనిచేశారు. పశువులు కాసే పిల్లల కోసం మేత బీడులోనే బడి పెట్టారు. 1962లో పద్మభూషణ్ వచ్చింది. 1973 ఆగస్టు 31న కన్నుమూశారు. మరో రెండేళ్లకు, 1975 అక్టోబరు 2న, కేంద్రం ఐసీడీఎస్ పథకం ప్రారంభించింది. అంగన్‌వాడీ అన్న పేరు ఊరూరికీ చేరింది.

పన్నెండో తరగతి తర్వాత బాలల వికాసం, మనస్తత్వశాస్త్రం చదువుతానని మన ఇంటి అమ్మాయి అంటే, దానితో ఏం ఉద్యోగం వస్తుందని పెద్దలు అడ్డుపడతారు. ఆ చదువు ఎంత దూరం పోగలదో తారాబాయి జీవితం చూపింది. మన గల్లీలో పిల్లల్ని ఆడిస్తున్న అంగన్‌వాడీ తాయి చేసేదీ ఆ పనే. ఆమెను ఆయమ్మగా కాదు, గురువుగా చూద్దాం.