బరువు ఎక్కడ ఉండాలి? విల్బర్ రైట్ కథ

మనలో చాలామందికి మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారడం అలవాటే. ఇంట్లో బదిలీ ఆర్డరు వస్తుంది, స్కూల్లో టి.సి. తీసుకుంటాం, సామాను లారీ ఎక్కుతుంది. కొత్త స్కూల్లో మళ్ళీ మొదటి నుంచి స్నేహితులను వెతుక్కుంటాం. విమానాన్ని తయారుచేసిన రైట్ సోదరులిద్దరిలో పెద్దవాడు విల్బర్ కూడా ఇలా ఊళ్లు మారుతూ పెరిగినవాడే. అలాంటి ఒక మార్పు వల్ల అతనికి హైస్కూలు సర్టిఫికెట్టే చేతికి రాలేదు.

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, మిల్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. తండ్రి మిల్టన్ రైట్ చర్చిలో పనిచేసేవాడు, తర్వాత బిషప్ అయ్యాడు. చర్చి పని ఎటు పంపితే కుటుంబం అటు వెళ్ళేది. తమ్ముడు ఆర్విల్ 1871లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో పుట్టాడు. 1878లో సీడర్ రాపిడ్స్, 1881లో రిచ్‌మండ్, 1884లో మళ్ళీ డేటన్. సీడర్ రాపిడ్స్‌లో ఉన్నప్పుడు తండ్రి ఒకసారి ప్రయాణం నుంచి వస్తూ పిల్లలకు ఒక బొమ్మ తెచ్చాడు. వెదురు, బెండు, కాగితంతో చేసిన బొమ్మ అది. రబ్బరు బ్యాండును మెలితిప్పి వదిలితే గాల్లోకి లేచేది. అది విరిగిపోయాక అన్నదమ్ములు తామే అలాంటివి చేసుకున్నారు. పనిముట్లు పట్టే నేర్పు వాళ్లకు తల్లి సూసన్ నుంచి వచ్చింది. ఆమె తండ్రి గుర్రపు బండ్లు తయారుచేసేవాడు, ఆ పని చూస్తూ పెరిగిన ఆమెకు ఇంట్లో ఏది పాడైనా బాగుచేయడం వచ్చు.

రిచ్‌మండ్‌లో విల్బర్ హైస్కూలు చదువు నాలుగేళ్లూ పూర్తిచేశాడు. సర్టిఫికెట్టు అందుకునే వేళకు కుటుంబం హడావిడిగా డేటన్‌కు మారిపోయింది. ఆ కాగితాన్ని చివరికి 1994లో, అతని 127వ పుట్టినరోజున ఇచ్చారు. అప్పటికి అతను పోయి ఎనభై ఏళ్లు దాటింది!

డేటన్‌లో మరో దెబ్బ తగిలింది. ఈసారి నిజంగానే దెబ్బ. పద్దెనిమిదేళ్ల వయసులో మంచు మీద హాకీ ఆడుతుంటే కర్ర మొహానికి తగిలి ముందు పళ్లు ఊడిపోయాయి. యేల్ విశ్వవిద్యాలయంలో చదవాలన్న ఆలోచన అక్కడితో ఆగిపోయింది. మూడేళ్లు దాదాపు ఇంట్లోనే ఉండి, క్షయతో మంచం పట్టిన తల్లికి సేవ చేశాడు, తండ్రి పుస్తకాలన్నీ చదివాడు. తల్లి 1889లో చనిపోయింది. కాలేజీకి వెళ్ళని విల్బర్ తమ్ముడితో కలిసి ముందు ఒక ప్రింటింగ్ ప్రెస్సు, తర్వాత 1892లో సైకిల్ షాపు పెట్టాడు.

ఆ సైకిల్ షాపు వాళ్లకు అన్నం పెట్టడమే కాదు, ఒక పాఠం కూడా నేర్పిందని మాకు అనిపిస్తుంది. సైకిలు తనంతట తాను నిలబడదు. తొక్కేవాడు ప్రతి క్షణం అటూ ఇటూ సరిచేసుకుంటూ ఉంటేనే ముందుకు పోతుంది. ఎగిరే యంత్రం కూడా అంతేనని విల్బర్ నమ్మాడు.

1896 ఆగస్టులో జర్మనీ నుంచి ఒక వార్త వచ్చింది. రెక్కలు కట్టుకుని కొండల మీద నుంచి దాదాపు రెండువేల సార్లు ఎగిరిన ఆటో లిలియెంతాల్ కిందపడి మరణించాడు. ఆయన రెక్కల మధ్య చేతుల మీద వేలాడుతూ, కాళ్లు ముందుకో వెనక్కో ఊపి తన బరువును జరిపేవాడు. అదొక్కటే ఆయనకున్న స్టీరింగు. ఆ రోజు ముక్కు పైకి లేచింది, వేగం పడిపోయింది, ఒళ్లంతా ముందుకు విసిరినా ముక్కు దిగలేదు. సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి పడి వెన్ను విరిగింది, మర్నాడు ప్రాణం పోయింది. ఈ వార్త చదివాక విల్బర్ మనసు ఎగరడం మీదికి పూర్తిగా తిరిగింది. 1899లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు ఉత్తరం రాసి, అప్పటిదాకా వచ్చిన పుస్తకాల జాబితా తెప్పించుకున్నాడు.

ఇక్కడ కాస్త ఆగి, అసలు చిక్కు ఏమిటో చూద్దాం. కావడి మోసేవాళ్లను చూశారా? ఒకవైపు బరువు ఎక్కువైతే బద్దను భుజం మీద కొంచెం జరుపుతారు. మోసే బరువు మారదు, భుజం ఆనే చోటు మారుతుంది, అంతే. విమానానికి భుజం గాలి. రెక్కలను గాలి పైకి నెట్టే బలమంతా ఒక చోట పనిచేస్తున్నట్టు లెక్కవేయవచ్చు. దాన్ని పీడన కేంద్రం అంటారు. విమానం బరువంతా ఒక చోట ఉన్నట్టు లెక్కవేసే బిందువు గరిమనాభి, మనం ఇంగ్లీషు పాఠంలో సెంటర్ ఆఫ్ గ్రావిటీ అని చదువుకునేదే. గరిమనాభి మరీ ముందుకుంటే ముక్కు కిందికి దిగుతుంది. మరీ వెనక్కుంటే ముక్కు పైకి లేస్తుంది, వేగం తగ్గుతుంది, రెక్కలు ఇక మోయలేవు. ఈ రెండో రకమే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే సరిచేసుకునే వీలు చాలా తక్కువ. నమ్మకం కుదరకపోతే ఒక కాగితం విమానం చేసి, క్లిప్పును ఒకసారి ముక్కుకు, ఒకసారి తోకకు పెట్టి విసిరి చూడండి.

కావడిలో లేని ఇబ్బంది ఇంకొకటి ఉంది. మోసేవాడి భుజం ఉన్నచోటే ఉంటుంది. గాలిలో రెక్క వాలు మారినప్పుడల్లా ఈ భుజం ముందుకూ వెనక్కూ జరుగుతుంది.

సోదరులు సముద్రం ఒడ్డున గాలి బాగా వీచే కిట్టీ హాక్‌ను ఎంచుకున్నారు. 1900లో తీసుకెళ్ళిన గ్లైడర్ బరువు 24 కిలోలే. దాన్ని ఎక్కువగా గాలిపటంలా తాళ్లతోనే ఎగరేశారు. 1901లో దాదాపు రెట్టింపు బరువున్న పెద్ద గ్లైడర్ చేశారు. జూలై 27న విల్బర్ అందులో బోర్లా పడుకున్నాడు. ఎక్కడ పడుకోవాలో ముందే లెక్కవేసి పెట్టుకున్నారు. గ్లైడర్ కొద్ది గజాలు పోయి ముక్కు నేలకు దించింది. కొన్ని అంగుళాలు వెనక్కి జరిగి మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే. ఇంకాస్త వెనక్కి, ఇంకాస్త వెనక్కి. అనుకున్న చోటు కంటే దాదాపు అడుగు వెనక పడుకున్నాక గ్లైడర్ 300 అడుగులకు పైగా ఎగిరింది.

చూస్తున్నవాళ్లు సంతోషించారు. విల్బర్‌కు మాత్రం సంతోషం కలగలేదు. గ్లైడర్ కెరటంలా లేస్తూ పడుతూ పోయింది. దాన్ని అదుపులో ఉంచడానికి ముందువైపు అమర్చిన చుక్కానిని చివరిదాకా తిప్పాల్సి వచ్చింది. కిందటి ఏడాది గ్లైడర్‌కు అందులో నాలుగో వంతు చాలింది. తర్వాత ఒకసారి గ్లైడర్ లేచి లేచి గాల్లో ఆగిపోయింది. లిలియెంతాల్ ప్రాణం తీసిన స్థితి సరిగ్గా ఇదే. విల్బర్ చుక్కానిని పూర్తిగా తిప్పి, తాను ముందుకు జరిగాడు. గ్లైడర్ ముక్కు కింద పెట్టి కూలకుండా, చాపలా పరుచుకుని మెల్లగా ఇసుకలో దిగింది. చుక్కానిని ముందు పెట్టినందుకు ఆ రోజు అతను బతికాడు.

తప్పు ఎక్కడుందో కనుక్కోవడానికి వాళ్లు చేసిన పని మాకు చాలా నచ్చింది. పై రెక్కను ఊడదీసి, దాన్ని ఒంటరిగా రకరకాల గాలుల్లో గాలిపటంలా ఎగరేశారు. గాలి మెల్లగా ఉంటే రెక్క పైకి లాగింది. గాలి బలంగా వీస్తే కిందికి లాగింది. అంటే వాలు తగ్గినప్పుడు, వంపు ఎక్కువున్న ఆ రెక్క మీద పీడన కేంద్రం వాళ్లు అనుకున్నదానికి ఎదురుగా, వెనక్కి పరుగెడుతోంది. తీగలు బిగించి రెక్క వంపు తగ్గించారు. గ్లైడర్ మాట వినడం మొదలుపెట్టింది. అయినా రెక్కలు లెక్క ప్రకారం మోయాల్సిన బరువులో మూడో వంతే మోస్తున్నాయి. ఇంటికి తిరిగి వెళ్తూ విల్బర్ బాగా డీలాపడ్డాడు. ఆ శీతకాలమే షాపులో ఆరడుగుల పెట్టె చేసి, దాని ఒక చివర ఫ్యాను పెట్టి, దాదాపు 200 చిన్న రెక్కలను పరీక్షించారు. ఆ కొలతలతో చేసిన 1902 గ్లైడర్ చక్కగా ఎగిరింది.

ఇక ఇంజను. మనిషితో సహా 625 పౌండ్లు, అంటే సుమారు 283 కిలోలు దాటకూడదని మొదట అనుకున్నారు. షాపులో పనిచేసే చార్లీ టేలర్ ఆరు వారాల్లో అల్యూమినియం పోతతో ఇంజను చేశాడు. అది 12 హార్స్‌పవర్ ఇచ్చింది, వాళ్లు ఆశించింది 8 మాత్రమే. ఆ మిగులు బలంతో విమానాన్ని మరింత గట్టిగా కట్టుకున్నారు. చివరికి మనిషితో కలిపి బరువు సుమారు 340 కిలోలైంది.

ఇంజనును ఎక్కడ పెట్టాలి? సరిగ్గా మధ్యలో మనిషి వెనక పెడితే, విమానం కూలినప్పుడు అది మనిషి మీద పడుతుంది. అందుకని ఇంజనును మధ్యగీతకు కుడివైపు, మనిషిని ఎడమవైపు ఉంచారు. అన్నదమ్ములు బక్కపలచనివాళ్లు. ఇంజను వాళ్ల కంటే సుమారు 15 కిలోలు ఎక్కువ తూగింది. బరువును ఇంక జరపడానికి చోటు లేదు. అందుకే కుడి రెక్కను ఎడమదాని కంటే నాలుగు అంగుళాలు పొడవు చేశారు!

1903 డిసెంబరు 14న నాణెం ఎగరేస్తే వంతు విల్బర్‌కు వచ్చింది. విమానాన్ని మరీ నిటారుగా లేపడంతో మూడున్నర సెకన్లలో నేలకు తగిలింది. బాగుచేసి 17న మళ్ళీ ప్రయత్నించారు. మొదట ఆర్విల్ 12 సెకన్లు, 120 అడుగులు ఎగిరాడు. నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు వెళ్ళాడు.

చాలా పుస్తకాలు ఇక్కడితో కథ ముగిస్తాయి. నిజానికి ఆ విమానాన్ని నడపడం చాలా కష్టం, ముక్కు ఎప్పుడూ పైకీ కిందికీ ఊగుతూనే ఉండేది. 1904లో డేటన్ దగ్గర హఫ్‌మన్ ప్రెయిరీ అనే పశువుల మేత మైదానంలో కొత్త విమానం కూడా అలాగే ఊగింది. బరువును వెనక్కి జరిపితే నయమవుతుందేమోనని చూశారు. ఇంకా పాడైంది. మళ్ళీ ముందుకు తెచ్చి, అదీ చాలక ముందు చుక్కాని కింద 70 పౌండ్ల ఇనుప కడ్డీలు కట్టారు. అంటే సుమారు 32 కిలోలు. ఒక్కో పౌను తగ్గించుకుంటూ వచ్చినవాళ్లు ఎందుకూ పనికిరాని ఇనుమును మోయడానికి ఒప్పుకున్నారు! ఊపు నెమ్మదించింది. ఆ సెప్టెంబరులోనే విల్బర్ గాల్లో మొదటిసారి పూర్తి చుట్టు తిరిగాడు. 1905 అక్టోబరు 5న, మార్పులు చేసిన విమానంలో 39 నిమిషాలు ఆగకుండా 24 మైళ్లు ఎగిరాడు.

ఈనాడు ఇంటి షెడ్డులో సొంతంగా చిన్న విమానం కట్టుకునేవాళ్లు ఇదే లెక్క వేస్తారు. మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి తూస్తారు. ఉదాహరణకు ముక్కు చివర నుంచి ఒక మీటరు దూరంలో ముందు చక్రం మీద 60 కిలోలు, 2.5 మీటర్ల దూరంలో వెనక చక్రాలు రెండింటి మీద కలిపి 240 కిలోలు ఉన్నాయనుకుందాం. 60ని 1తో, 240ని 2.5తో గుణించి కలిపితే 660. మొత్తం బరువు 300తో భాగిస్తే 2.2 మీటర్లు. గరిమనాభి అక్కడ ఉంది. ఇప్పుడు 4 మీటర్ల దగ్గర 20 కిలోల సంచి పెడితే అది 11 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. ఒక్క సంచికే అంత!

1908 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని ల మాన్ దగ్గర విల్బర్ వేలమంది ముందు ఎగిరి చూపించాడు. అప్పటి విమానంలో ఇద్దరు కూర్చోవచ్చు. రెండో సీటును సరిగ్గా మధ్యలో పెట్టారు. పక్కన మనిషి ఉన్నా లేకపోయినా విమానం ఒక పక్కకు ఒరగకుండా ఉండటానికి. మరుసటి ఏడాది న్యూయార్కులో నీళ్ల మీద ఎగిరినప్పుడు, పడితే తేలడానికి విమానం అడుగున ఒక చిన్న పడవ కట్టుకున్నాడు.

తర్వాతి ఏళ్లు పేటెంట్ల కోర్టు గొడవల్లో గడిచాయి. ఎగరాల్సిన మనిషి లాయర్ల మధ్య అలసిపోయాడు. 1912 మే 30న టైఫాయిడ్‌తో డేటన్‌లో చనిపోయాడు. అప్పుడు అతని వయసు 45. పెళ్లి చేసుకోలేదు. బిషప్ తండ్రి, తమ్ముడు ఆర్విల్, చెల్లెలు కాథరిన్ అదే ఇంట్లో ఉన్నారు.

1903 నాటి విమానం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. దాని కుడి రెక్క ఎడమదాని కంటే ఇప్పటికీ నాలుగు అంగుళాలు పొడవే.