లెవీ స్ట్రాస్ – రెండు గుఱ్ఱముల గుర్తు

చార్మినారు చెంతనున్న పత్తర్‌గట్టిలో బట్టల వర్తకము చేయు ఒక విద్యార్థి తండ్రి, తాను కుట్టించు చొక్కాలకు క్రొత్తగా ఒక పేరు పెట్టెను. కొలది మాసములలోనే ఆ పేరు వేఱొకరి నాసిరకపు చొక్కాలపై కానవచ్చెను. వానిని కొని మోసపోయినవారు వచ్చి నిందించినది మాత్రము ఈయననే. ఏమి చేయవలెనని ఆయన మమ్మడుగగా, మాకు లెవీ స్ట్రాస్ చరిత్రము జ్ఞప్తికి వచ్చెను. జీన్సులపై ఆ పేరు చూడని విద్యార్థులు అరుదు. ఆ పేరుగల మనుష్యుని ఎఱిగినవారును అరుదే.

లెవీ 1829 ఫిబ్రవరి 26వ తేదీన జర్మనీ దేశమందలి బవేరియాలో బుట్టెన్‌హైమ్ అను గ్రామమున ఒక యూదుల కుటుంబమునందు జన్మించెను. 1846లో తండ్రి క్షయవ్యాధిచే మరణించెను. పిమ్మట లెవీ తల్లితోను తోబుట్టువులతోను ఓడనెక్కి న్యూయార్కు చేరి, అన్నల బట్టల వ్యాపారమున పని నేర్చుకొనెను. 1853లో కాలిఫోర్నియాకు పోయి, బంగారు గనులవలన పెరుగుచున్న శాన్‌ఫ్రాన్సిస్కో పట్టణమున టోకు వర్తకము ప్రారంభించెను.

1872లో నెవాడా రాష్ట్రమందలి రీనో పట్టణమునుండి జేకబ్ డేవిస్ అను దర్జీ అతనికి జాబు వ్రాసెను. కూలివాండ్ర పంట్లాముల జేబులు ఊరక చినుగుచుండగా, డేవిస్ వాని మూలలకు రాగి రివెట్లు బిగించి గట్టిపరచెను. ఇరుగుపొరుగువారు తన పద్ధతిని అనుకరింతురని అతని భయము. పేటెంటు పొందుటకు వలయు సొమ్ము లేదు. లెవీ ఆ వ్యయమును భరింపగా, 1873 మే 20వ తేదీన డేవిస్‌కును లెవీ కంపెనీకిని కలిపి పేటెంటు లభించెను. మరుసటి సంవత్సరమే, ఆ పద్ధతిని అనుకరించెనని ఒక కంపెనీపై లెవీ వ్యాజ్యము వేసెను.

అయితే పేటెంటునకు ఆయువు మితము. ఆ కాలమున అది 17 ఏండ్లు మాత్రమే. గడువు తీరినచో రివెట్లు ఎవరైనను బిగింపవచ్చును. అందుకు నాలుగేండ్ల ముందే, 1886లో, కంపెనీవారు పంట్లాము నడుముపై ఒక తోలుముక్కను కుట్టించిరి. రెండు గుఱ్ఱములు చెరియొక ప్రక్కకు లాగుచున్నను పంట్లాము చినుగని చిత్రము దానిపై నుండెను. అక్షరములు రాని కూలియు, ఇంగ్లీషు తెలియని పరదేశియు ఆ గుర్తును చూచి సరకును పోల్చుకొనగలిగిరి. మన నగరమున 1920లో వెలసిన జిందా తిలిస్మాత్ సీసాను చదువురాని అవ్వలు దానిమీది బొమ్మనుబట్టి గుర్తించుటయు ఇట్టిదే. 1890లో పేటెంటు గడువు ముగిసెను. రివెట్లు అందఱి సొత్తయ్యెను. గుఱ్ఱముల గుర్తు మాత్రము కంపెనీకే మిగిలెను.

లెవీ వివాహమాడలేదు. 1897లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 28 విద్యార్థివేతనములు ఏర్పఱచెను. 1902 సెప్టెంబరు 26వ తేదీన అతడు మృతిచెందగా, వ్యాపారము మేనల్లుండ్రకు సంక్రమించెను. 1906 నాటి భూకంపమును అగ్నియు కార్యాలయమును కర్మాగారమును నాశనము చేసినను, వారు మరల నిలద్రొక్కుకొనిరి. గోడలు కాలెను గాని, జనులు నమ్మిన గుర్తు కాలలేదు.

ఈ కథ చెప్పి ఆ తండ్రికి మేము సూచించినది స్వల్పము. పేరు పెట్టుటకు ముందే అట్టిది మఱియొకరికి కలదా యని ట్రేడ్‌మార్కుల రిజిస్టరులో వెదకవలెను. సరకును వట్టిగా పొగడు మాటకంటె, ఎవరును వాడని మాట మేలు. 1999 నాటి చట్టము క్రింద, దుస్తులకు చెందిన 25వ తరగతిలో దరఖాస్తు చేయవలెను. నమోదు పదేండ్లు చెల్లును. రుసుము చెల్లించి ఎన్నిమార్లైనను పొడిగించుకొనవచ్చును. నమోదు లేకున్నను న్యాయస్థానమున కెక్కవచ్చును గాని, తన పేరు జనులలో ప్రసిద్ధమని ముందుగా ఋజువు చేయవలసి యుండును. క్రొత్త వర్తకునికి అది కష్టము.

విద్యార్థులారా! చట్టము పేరును కాపాడును. ఆ పేరునకు విలువ గల్పించునది కుట్టు. చినుగు పంట్లాముపై ఎన్ని గుఱ్ఱములను చిత్రించినను, జనులు దానిని రెండవమారు కొనరు.