మాలపల్లి నవల రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు



డిసెంబరు వచ్చిందంటే అందరి నోటా లంబసింగి పేరే. మంచు చూడాలని పిల్లల్ని చీకటితోనే నిద్రలేపి, నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. మా ఊరు అదే. అక్కడికి దగ్గర్లోని చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన సంగతి మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అడవిలోకి వెళ్లనివ్వని చట్టాలు, చాలీచాలని కూలికి రోడ్డు పనులు చేయించడం ఆ తిరుగుబాటుకు ముఖ్య కారణాలు.

అదే 1922లో ఒక తెలుగు నవల అచ్చయింది. దాన్ని రాసిన మనిషి కూడా అడవి పన్ను గొడవలోనే జైలుకెళ్లారు. ఆ నవల ‘మాలపల్లి’. ఆ రచయిత ఉన్నవ లక్ష్మీనారాయణ గారు. ఆయన పుట్టింది డిసెంబరు 4నే కాబట్టి ఈ నెల ఆయన గురించి చెప్పుకుందాం.

ఉన్నవ గారు 1877లో గుంటూరు జిల్లా వేములూరుపాడులో పుట్టారు. చదువు పూర్తయ్యాక గుంటూరులో వకీలుగా స్థిరపడ్డారు. హాయిగా సంపాదించుకునే వీలున్నా, కందుకూరి వీరేశలింగం గారి బాట పట్టి వితంతు వివాహాలకు నడుం కట్టారు. ఆ రోజుల్లో అలాంటి పెళ్లి చేయిస్తే బంధువులు గడప తొక్కడం మానేసేవారు. భార్య లక్ష్మీబాయమ్మ గారు మాత్రం ఆయనతో పాటే నిలబడ్డారు.

తర్వాత బారిస్టరు చదువు కోసం ఐర్లాండ్‌లోని డబ్లిన్ వెళ్లారు. ఆ ఏళ్లలో ఐర్లాండ్ కూడా మనలాగే ఇంగ్లండ్ పాలనలో ఉండి, స్వపరిపాలన కోసం అట్టుడుకుతోంది. తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు కానీ, గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపు ఇవ్వగానే దాన్ని వదిలేశారు.

అప్పుడు పల్నాడులో పుల్లరి గొడవ నడుస్తోంది. అడవిలో పశువులు మేపుకుంటే కట్టాల్సిన పన్నునే పుల్లరి అంటారు. ఎన్నో తరాలుగా మేపుకుంటున్న చోట కొత్తగా పన్ను కట్టడమేమిటని జనం ఎదురు తిరిగారు. పరిస్థితి చూసి రమ్మని కాంగ్రెస్ పంపితే ఉన్నవ గారు అక్కడికి వెళ్లారు. ప్రభుత్వం ఆయన్ని అరెస్టు చేసి ఏడాది శిక్ష వేసింది. రాయవేలూరు జైల్లో కూర్చుని ఆయన రాసిన నవలే మాలపల్లి. దానికి ‘సంగవిజయం’ అనే మరో పేరు కూడా పెట్టారు.

కథ మంగళాపురం అనే ఊళ్లో జరుగుతుంది. రామదాసు అనే దళిత రైతు కుటుంబమే కథకు కేంద్రం. అంతకుముందు మన నవలల్లో ఇలాంటి ఇల్లు పక్కనెక్కడో కనిపించేదేమో కానీ, నడిమధ్యకు రావడం అరుదు. రామదాసు భక్తుడు, ఓర్పు గల మనిషి. ఆయన కొడుకుల్లో సంగదాసు చౌదరయ్య అనే భూస్వామి దగ్గర పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి, ఈ పాలేరుకి గట్టి స్నేహం. కూలీల పక్షాన నిలబడినందుకు సంగదాసు ఆ చౌదరయ్య దెబ్బకే ప్రాణం పోగొట్టుకుంటాడు.

అతని అన్న వెంకటదాసు వేరే దారి పట్టాడు. శాంతితో పని జరగదనుకుని, తక్కెళ్ళ జగ్గడు అనే పేరుతో ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచాడు.

ఇంగ్లిష్ టీచర్‌గా నేను ఆగి ఆలోచించేది ఇక్కడే. నవల పాఠంలో ‘క్యారెక్టర్ స్కెచ్’ రాయమంటే పిల్లలు గైడు చూసి రెండు గళ్లు గీసేస్తారు. సంగదాసు మంచివాడు, వెంకటదాసు చెడ్డవాడు అని రాస్తే ఆన్సర్ అయిపోయిందనుకుంటారు. కానీ ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే తల్లి చేతి ముద్ద తిని పెరిగారు. ఇద్దరికీ జరిగిన అన్యాయం కూడా ఒక్కటే. మరి దారులు ఎందుకు వేరయ్యాయి? ఈ ప్రశ్న వేసుకుంటేనే నవల అర్థం కావడం మొదలవుతుంది. విక్టర్ హ్యూగో ‘లే మిజరబుల్స్’లో జీన్ వాల్జీన్ రొట్టె దొంగిలించి జైలుకెళ్తాడు. అతన్ని దొంగ అనేసి ఊరుకుంటే ఆ పుస్తకంలో ఇక చదవడానికి ఏమీ మిగలదు.

ఉన్నవ గారు గాంధీజీ బాటలో నడిచి జైలుకెళ్లిన మనిషి. అయినా వెంకటదాసును రాక్షసుడిగా చూపించలేదు. అతని దారిని ఒప్పుకోకుండానే అతని కడుపుమంట మనకు అర్థమయ్యేలా రాశారు. ఒక మనిషి చేసిన పనిని సమర్థించడం వేరు, ఎందుకు చేశాడో తెలుసుకోవడం వేరు. పెద్దవాళ్లం మనకే ఈ తేడా చాలాసార్లు తోచదు.

ఆ పుస్తకాన్ని చూసి ప్రభుత్వం భయపడింది. కొండల్లో అల్లూరి పోరాటం ఇంకా సాగుతుండగానే, 1923లో మాలపల్లిని నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో మళ్లీ అచ్చు వేసుకోనిచ్చింది. 1936లో ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యపుస్తకంగా పెడితే మరోసారి నిషేధించింది. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాకే ఆ నిషేధం తొలగింది. కూలికి వెళ్లేవాడు తన కథను తాను చదువుకుంటే ఏమవుతుందో పాలించేవాళ్లకు బాగా తెలుసన్నమాట.

ఉన్నవ దంపతులు రాతలతోనే ఆగలేదు. నవల వచ్చిన 1922లోనే గుంటూరులో ఆడపిల్లల కోసం శారదా నికేతనం స్థాపించారు. ఇంట్లో చదువుకునే అవకాశం లేని అమ్మాయిలకు అక్కడ చదువు చెప్పించి, తమ కాళ్ల మీద తాము నిలబడేలా చేశారు. ఉన్నవ గారు 1958 సెప్టెంబరు 25న కన్నుమూశారు.

ఇప్పుడు మన పిల్లల సంగతి. ఒకే బెంచీ మీద కొండ ఊరి నుంచి వచ్చిన బాబు, టౌన్‌లో పెరిగిన పాప కూర్చుంటున్నారు. యూనిఫాం ఒకటే, ఫీజూ ఒకటే. అయినా కొత్త ఫ్రెండ్ పేరు చెప్పగానే ‘వాళ్ల ఇంటిపేరేంటి’ అని ఆరా తీసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. మనం మామూలుగానే అడిగామనుకుంటాం. ఆ ప్రశ్న ఎందుకో పిల్లలకు మాత్రం తొందరగానే తెలిసిపోతుంది. రామానాయుడు, సంగదాసుల స్నేహానికి ఊళ్లో ఎదురైన అడ్డుగోడ కట్టింది పిల్లలు కాదు, పెద్దలే.

అందుకే ఈ సెలవుల్లో మీకు చిన్న పని అప్పగిస్తున్నాను. మాలపల్లి పెద్ద పుస్తకం, చిన్న తరగతుల పిల్లలు చదవలేరు. కథ మీరు తెలుసుకుని భోజనాల దగ్గర చెప్పండి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. ఈ మనిషికి ఏం కావాలి? అది దొరక్కుండా అడ్డుపడింది ఎవరు? నువ్వే అయితే ఏం చేసేవాడివి, ఏం చేసేదానివి? పిల్లలు చెప్పేది మీకు నచ్చకపోయినా మధ్యలో ఆపకండి. సినిమా చూసినా, క్లాసులో ఇంగ్లిష్ నవల చదివినా ఈ మూడు ప్రశ్నలు పనికొస్తాయి.

జనవరిలో స్కూల్ తెరిచాక ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో క్లాసులో ఇదే విషయం మాట్లాడబోతున్నాను. ఇంట్లో వాళ్లు చెప్పిన జవాబుల్ని డైరీలో నాలుగు లైన్లు రాసి పంపితే చాలా సంతోషం. తెలుగులో రాసినా సరే, ఇంగ్లిష్‌లో రాసినా సరే.