తలుపు మూసినవాడి మనసు: విదేశీ విద్యార్థిగా అంబేద్కర్

నెల్లూరు తీరంలో కావలి నుంచి వాకాడు దాకా ఏ దళితవాడలోనైనా ఇప్పుడు విదేశీ చదువు మాట వినిపిస్తుంది. ఇంజినీరింగ్ అంటే సరే అంటారు. సైకాలజీ అంటే మాత్రం ఆ చదువు మనకెందుకని ఇంట్లోవాళ్లే అడుగుతారు. ఎస్సీ విద్యార్థులను విదేశాలకు పంపే రాష్ట్ర పథకం పేరు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి. 2022లో ఆ పేరు తీసేశారు, 2024లో మళ్లీ పెట్టారు. పేరు మీద గొడవ జరిగింది గానీ, ఆ పేరుగల మనిషి విదేశంలో ఏం చదివారన్నది ఎక్కువమందికి తెలియదు. ఆయన చదువులో మనస్తత్వశాస్త్రం కూడా ఉంది.

భీమ్‌రావ్ అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టారు. తండ్రి రామ్‌జీ సైన్యంలో సుబేదారు. బడిలో మిగతా పిల్లలకు దూరంగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చున్నారు. ప్యూను వచ్చి నీళ్లు పోస్తేనే దాహం తీరేది. 1912లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ నుంచి బీఏ పట్టా పొందారు. 1913లో తండ్రి చనిపోయారు. అదే ఏడాది బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్ చేరారు. మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్లు ఇస్తారు, తిరిగొచ్చాక బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలి. అదీ ఒప్పందం.

కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన ప్రధానంగా చదివింది అర్థశాస్త్రం. కానీ చరిత్ర, సమాజశాస్త్రం, మానవశాస్త్రం, తత్వశాస్త్రం తరగతులకూ వెళ్లారు. తత్వశాస్త్రంలో గురువు జాన్ డ్యూయీ. అమెరికాలో మనస్తత్వశాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఆయనొకరు, 1899లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడు. మనస్తత్వం కోణం నుంచి నీతినీ రాజకీయాలనూ చూసే ఆయన కోర్సులో 1914–15లో అంబేద్కర్ కూర్చున్నారు. మనిషి అలవాట్లు ఒంటరిగా పుట్టవని, సమాజమే వాటిని తయారుచేస్తుందని డ్యూయీ చెప్పేవారు.

ఆ చదువు 1916 మే 9న బయటపడింది. మానవశాస్త్ర ఆచార్యుడు గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో అంబేద్కర్ భారతదేశంలో కులాల పుట్టుకపై పత్రం చదివారు. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. ఒక వర్గం తన చుట్టూ తలుపులు మూసుకుంది, మిగతావాళ్లు దాన్ని చూసి తామూ మూసుకున్నారు, మరికొందరికి తలుపులు మూసేసి కనిపించాయి అని వివరించారు. ఈ అనుకరణ ఎలా పాకుతుందో చెప్పడానికి ఫ్రెంచి పండితుడు గాబ్రియేల్ టార్డ్ సూత్రాలను తీసుకున్నారు. పైవాళ్లను కిందివాళ్లు అనుకరిస్తారు, దగ్గరున్నవాళ్లు ఎక్కువగా అనుకరిస్తారు. కులాన్ని కేవలం రక్తం, రంగు లెక్కలతో వివరించే పండితుల మధ్య ఇది కొత్త దారి.

అక్కడి నుంచి లండన్ వెళ్లారు. స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో 1917లో చదువు మధ్యలో ఆపి, ఒప్పందం ప్రకారం బరోడా వచ్చారు. విదేశంలో గడిపిన ఏళ్లు తాను అంటరానివాడినన్న స్పృహనే చెరిపేశాయని తర్వాత రాసుకున్నారు. బరోడాలో దిగగానే ఆ స్పృహ తిరిగొచ్చింది. ఉండటానికి గది దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని ఒక పార్సీ సత్రంలో దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లు ఖాళీ చేయమన్నారు. కొలంబియాలో చదివొచ్చిన మనిషి కామాఠీ బాగ్ తోటలో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు. పట్టా ఆయన్ని మార్చింది గానీ, సత్రం తలుపు దగ్గర నిలబడ్డవాళ్ల మనసును మార్చలేదు.

ఆయన ఆగిపోలేదు. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టి, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, మిత్రుడు నావల్ భథేనా ఇచ్చిన అప్పుతో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో డీఎస్సీ, 1927లో కొలంబియా పీహెచ్‌డీ వచ్చాయి. అదే 1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగారు. 1936లో లాహోర్ సభవాళ్లు రద్దుచేసిన ప్రసంగాన్ని కులనిర్మూలన పేరుతో సొంతంగా అచ్చువేశారు. కులం ఇటుకల గోడ కాదని, అది మనసులో ఉన్న భావన అని, ఆ భావనకు పవిత్రత ఇచ్చే శాస్త్రాలను ప్రశ్నించకుండా అది పోదని అందులో వాదించారు. ఆ పుస్తకంలో డ్యూయీ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

1952 జూన్ 5న కొలంబియా ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. డ్యూయీ అంతకు నాలుగు రోజుల ముందే, జూన్ 1న కన్నుమూశారు. రెండేళ్లకు, 1954లో, అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో వర్ణవివక్ష చెల్లదని చెప్పింది. ఆ తీర్పు ఆధారాల్లో నల్లజాతి మనస్తత్వవేత్త కెన్నెత్ క్లార్క్ పరిశోధన కూడా ఉంది. భార్య మేమీతో కలిసి ఆయన బొమ్మలతో పిల్లల మనసులను పరీక్షించారు. ఇద్దరూ కొలంబియాలోనే డాక్టరేట్ చేశారు. అంబేద్కర్ 1956 డిసెంబర్ 6న మనల్ని విడిచి వెళ్లారు.

మనస్తత్వశాస్త్రాన్ని చాలాసార్లు దెబ్బతిన్నవాడి మనసును బాగుచేసే చదువుగానే చూస్తారు. అది అవసరమే. అంబేద్కర్ మాత్రం దాన్ని తలుపు మూసినవాడి వైపు తిప్పారు. అతను ఎందుకు మూశాడు, పక్కవాడు చూసి ఎందుకు మూశాడు అని అడిగారు. ఆ చదువు మనకెందుకని ఇంట్లో అడిగితే, మన తీరం నుంచి వెళ్లే విద్యార్థి చెప్పాల్సిన జవాబు అదే.