విద్య – వృత్తి : విశ్వేశ్వరయ్యగారి సాధన

ముద్దెనహళ్లి మైసూరు రాజ్యమునందలి చిన్న పల్లె. అచటి మోక్షగుండం వారి పూర్వికులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండము నుండి వలస వెళ్లిన తెలుగువారు. ఆ యింట జన్మించిన విశ్వేశ్వరయ్యగారిని లోకము ఆనకట్టల నిర్మాతగా నెరుగును. చదువు ముగించిన యువకునికి బ్రతుకుదెరువు చూపుటకై వారు చేసిన కృషి మాత్రము అంతగా తెలియదు.

తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత విద్వాంసులు. ఇంట విద్య కలదు, కలిమి లేదు. చిన్ననాటనే తండ్రి గతింపగా, విశ్వేశ్వరయ్యగారు బెంగుళూరు చేరి, పరుల పిల్లలకు పాఠములు చెప్పి, ఆ రాబడితో సెంట్రల్ కళాశాలలో చదివి, 1881లో బి.ఏ. పట్టము పొందిరి. పిదప మైసూరు ప్రభుత్వ మొసగిన విద్యార్థివేతనముతో పూనా విజ్ఞాన కళాశాలలో చేరి, 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథములుగా నెగ్గిరి. మరుసటి యేటనే బొంబాయి ప్రభుత్వము కొలువిచ్చెను.

విద్యార్థివేతనము, వృత్తివిద్య, దాని చివర కొలువు: ఈ మూడును వరుసగా కూడుటచే ఒక పేదపిల్లవాని జీవితము మలుపు తిరిగెను. తరువాత వారు చేసిన విద్యాకృషి యంతయు ఈ మూడింటిని ఇతరులకు సమకూర్చుటయే యనవచ్చును.

1908లో మూసీ వరదకు హైదరాబాదు తల్లడిల్లగా, నిజాము ప్రభుత్వము వారిని రప్పించెను. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయములు వారి యోచనకు ఫలములు. 1909లో మైసూరు ప్రధాన ఇంజనీరుగను, 1912లో దివానుగను వారు నియుక్తులైరి.

దివానుగా విద్యాలయమును, పరిశ్రమను జంటగా పెంచిరి. 1913లో హెబ్బాళమున వ్యవసాయ పాఠశాల, ఆ యేటనే మైసూరు బ్యాంకు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము, ఆ కాలముననే గంధపుతైల పరిశ్రమ. 1917లో బెంగుళూరున ఇంజనీరింగు కళాశాల, మరొకవంక భద్రావతి ఇనుప కర్మాగారమునకు సన్నాహము. పని లేనిచోట పని నేర్పినచో నేర్చినవాడు ఊరు విడుచును; నేర్చినవాడు లేనిచోట కర్మాగారము నిలువదు.

అయినను ఒక చిక్కు మిగిలెను. చదువులందును, కొలువులందును వెనుకబడిన వర్గములవారు తమకు తగిన పాలు కోరిరి. 1918లో మహారాజు దానిని విచారించుటకు మిల్లర్ సంఘమును నియమించెను. కొలువునకు యోగ్యతయే ప్రమాణమని తలచిన విశ్వేశ్వరయ్యగారు ఆ యేటనే దివాను పదవిని వీడిరి. అయితే చదువే అందనివానికి యోగ్యత యెట్లు కలుగును? ఈ ప్రశ్న వారి వాదముకంటె బలమైనది. విద్యార్థివేతనమే లేకున్నచో వారి ప్రతిభయు పూనా చేరియుండెడిది కాదు.

భద్రావతి కర్మాగారము 1923లో ఉత్పత్తి ప్రారంభించెను. కొన్నియేండ్లు దాని నిర్వహణభారము వహించి, అందులకు తమకు రావలసిన పారితోషికమును వారు స్వంతమునకు వాడుకొనలేదు. యువకులకు చేతిపనులు, సాంకేతిక వృత్తులు నేర్పు విద్యాలయమునకు దానిని వినియోగింపజేసిరి. అదియే 1943లో బెంగుళూరున వెలసిన వృత్తివిద్యాలయము; పిదప పాలిటెక్నిక్ అయ్యెను. దానికి తమ పేరు పెట్టనీయక, మహారాజు జయచామరాజేంద్రుని పేరు పెట్టించిరి.

అప్పటికి వారు ఎనుబదేండ్లు దాటినవారు. 1955లో భారతరత్న వరించెను. 1962లో నూరేండ్ల నిండు జీవితము ముగిసెను. పరుల పిల్లలకు పాఠములు చెప్పి ఫీజు కట్టుకొన్న విద్యార్థి, తన కష్టార్జితముతో పరుల పిల్లలకు పని నేర్పు బడి నెలకొల్పి ఆ ఋణము తీర్చుకొనెను.