జార్జ్ థామస్ మూర్

జార్జ్ థామస్ మూర్ (1871 ఫిబ్రవరి 23 - 1956 నవంబరు 27) అమెరికాకు చెందిన వృక్షశాస్త్రవేత్త. మంచినీటి శైవలాలపై (నాచు, పాచి) పరిశోధనలు చేశాడు. చెరువులలో, జలాశయాలలో పెరిగే నాచును కాపర్ సల్ఫేట్‌తో అదుపు చేసే పద్ధతిని 1904లో తన సహచరుడు కార్ల్ కెల్లర్‌మాన్‌తో కలిసి ప్రకటించాడు. తెలుగు రైతులు మైలతుత్తం అని పిలిచే నీలిరంగు లవణమే ఈ కాపర్ సల్ఫేట్. 1912 నుండి 1953 వరకు సెయింట్ లూయిస్ నగరంలోని మిస్సోరీ బొటానికల్ గార్డెన్‌కు ఈయన సంచాలకుడుగా పనిచేశాడు.

బాల్యం, విద్యాభ్యాసం

మూర్ ఇండియానా రాష్ట్ర రాజధాని ఇండియానాపోలిస్‌లో జన్మించాడు. వాబాష్ కళాశాలలో పట్టభద్రుడై, తరువాత హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివాడు. 1900లో అక్కడే డాక్టరేటు పొందాడు. విద్యార్థి దశలోనే ఇతని దృష్టి శైవలాలపైకి మళ్ళింది. తాగునీటికి చేప నూనె వంటి వాసన తెచ్చే యూరోగ్లీనా అనే సూక్ష్మజీవిపై 1897లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఎక్సెంట్రోస్ఫేరా అనే హరిత శైవల ప్రజాతికి 1901లో నామకరణం చేసినది కూడా ఇతడే. కొంతకాలం డార్ట్‌మత్ కళాశాలలో బోధించిన తరువాత అమెరికా వ్యవసాయ శాఖలో చేరి, వృక్ష శరీరధర్మ శాస్త్ర ప్రయోగశాలకు బాధ్యుడయ్యాడు.

నాచు సమస్య

19వ శతాబ్దం చివరలో అమెరికా పట్టణాలు తాగునీటి కోసం పెద్ద జలాశయాలను నిర్మించుకున్నాయి. వేసవిలో ఆ నీరు పచ్చబడి, దుర్వాసన వేసి, తాగడానికి పనికిరాకుండా పోయేది. జలాశయాన్ని ఖాళీ చేసి అడుగును శుభ్రం చేయడం, నీటిపై కప్పు వేయడం, ఇసుక వడపోత గుండా పంపడం వంటి ఉపాయాలు అప్పటికే తెలుసు. అయితే అవన్నీ ఖర్చుతో కూడినవి. చిన్న పట్టణాలు ఆ భారాన్ని మోయలేకపోయేవి. మనుషులకు హాని చేయకుండా, తక్కువ ఖర్చుతో నాచును మాత్రమే చంపే పదార్థం ఏదైనా ఉందా అన్నది మూర్ ముందున్న ప్రశ్న.

ద్రాక్ష తోటల తెగుళ్ళను రాగితో అరికట్టవచ్చని ఫ్రాన్సులో మిల్లార్డే 1880లలో చూపించాడు. మైలతుత్తం, సున్నం కలిపి తయారు చేసే ఆ మందును బోర్డో మిశ్రమం అంటారు. కొద్దిపాటి రాగి శిలీంధ్రాలను చంపగలిగితే శైవలాలను కూడా చంపవచ్చునని మూర్ ప్రయోగశాలలో పరీక్షించాడు. కొన్ని జాతులు పది లక్షల పాళ్ళ నీటికి ఒక పాలు కంటే ఎంతో తక్కువ కాపర్ సల్ఫేట్‌కే చనిపోయాయి.

కాపర్ సల్ఫేట్ పద్ధతి

తొలి ప్రయోగాలలో ఒకటి వర్జీనియాలో ఆకుకూరగా పెంచే ఒక నీటి మొక్క మడులలో జరిగింది. అక్కడ స్పైరోగైరా అనే దారపు పోగుల వంటి నాచు పంటను కప్పివేసేది. రాగి ద్రావణంతో నాచు పోయి పంట నిలిచింది. తరువాత 1903లో కెంటకీ రాష్ట్రంలోని వించెస్టర్ పట్టణపు జలాశయంలో ఈ పద్ధతిని ప్రయోగించారు. 1904లో వ్యవసాయ శాఖ మూర్, కెల్లర్‌మాన్‌ల నివేదికను వెలువరించింది. 1905లో రెండవ నివేదిక వచ్చింది.

పద్ధతి చాలా సులభం. మైలతుత్తం పలుకులను గోనెసంచిలో పోసి, పడవ వెనుక నీటిలో వేలాడదీసి, జలాశయం ఒక ఒడ్డు నుండి మరొక ఒడ్డుకు సమాంతర గీతలుగా పడవను నడుపుతారు. లవణం కరిగి నీటిలో వ్యాపిస్తుంది. దీనికి ప్రత్యేక యంత్రాలు అవసరం లేదు. అందుచేత కొద్ది సంవత్సరాలలోనే ఇది అనేక పట్టణాలకు పాకింది.

రాగి నీటిలోని టైఫాయిడ్ సూక్ష్మజీవులను కూడా చంపుతుందని మూర్, కెల్లర్‌మాన్‌లు చూపించారు. రాగి పాత్రలలో నీటిని నిలువ ఉంచడం మేలని కూడా వారు భావించారు. రాగి బిందెలో, రాగి చెంబులో నీరు ఉంచుకునే మన ఇళ్ళ అలవాటు పాఠకులకు ఇక్కడ గుర్తు రావచ్చు. అయితే పట్టణాల నీటిలో సూక్ష్మజీవులను చంపే పనికి రాగి నిలవలేదు. 1908లో జెర్సీ సిటీ నీటి సరఫరాలో క్లోరిన్ వాడకం మొదలైన తరువాత ఆ స్థానం క్లోరిన్‌కు దక్కింది. రాగి మాత్రం నాచు మందుగా మిగిలిపోయింది.

జలచరాలపై ప్రభావం

ఏ నాచుకు ఎంత మోతాదు కావాలి, ఏ చేప ఎంత మోతాదుకు తట్టుకుంటుంది అన్న పట్టికలు ఈ పరిశోధనల నుండే మొదలయ్యాయి. పది లక్షల పాళ్ళ నీటికి 0.12 పాళ్ళ కాపర్ సల్ఫేట్‌తో స్పైరోగైరా చనిపోతుంది. ట్రౌట్ చేపకు సురక్షితమైన హద్దు 0.14 పాళ్ళు మాత్రమే. కార్ప్ చేపకు ఇది సుమారు 0.33, బ్లాక్ బాస్ చేపకు సుమారు 2 పాళ్ళు. అంటే కొన్నిచోట్ల మందుకు, విషానికి మధ్య ఎడం చాలా స్వల్పం. నీటి పరిమాణాన్ని లెక్క కట్టడంలో చిన్న పొరపాటు జరిగినా చేపలు చనిపోతాయి.

నీటిలో స్వేచ్ఛగా ఉన్న రాగి అయానులు చేపల మొప్పలపై చేరి, శరీరంలోని సోడియం వంటి లవణాల సమతుల్యతను దెబ్బతీస్తాయి. నత్తలు, నీటి ఈగలు వంటి చిన్న జీవులు చేపల కంటే త్వరగా నశిస్తాయి. నీటి ఈగలు నాచును తిని బ్రతుకుతాయి కనుక, అవి పోతే తరువాత నాచు మరింత వేగంగా పెరిగే అవకాశం ఉంటుంది. నాచు ఒక్కసారిగా చనిపోతే కుళ్ళిపోయేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ తగ్గిపోతుంది. రాగి వలన చావని చేపలు కూడా ఊపిరాడక చనిపోవచ్చు. అందువలన చెరువు మొత్తానికి ఒకేసారి కాక, భాగాలుగా మందు వేయాలని నిపుణులు చెబుతారు.

నీటి స్వభావం మరొక ముఖ్య విషయం. క్షారత్వం ఎక్కువగా ఉన్న నీటిలో రాగి కార్బొనేట్‌గా మారి అడుగుకు దిగిపోతుంది. క్షారత్వం తక్కువగా ఉన్న మెత్తని నీటిలో అదే మోతాదు ప్రాణాంతకం అవుతుంది. లీటరు నీటి మొత్తం క్షారత్వాన్ని మిల్లీగ్రాములలో కొలిచి నూరుతో భాగించగా వచ్చే సంఖ్యను కాపర్ సల్ఫేట్ మోతాదుగా చేపల పెంపకంలో తీసుకుంటారు. క్షారత్వం 50 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉన్న నీటిలో దీనిని వాడరాదు.

వ్యవసాయ శాఖ నుండి నిష్క్రమణ

మూర్‌కు పేరు తెచ్చిన మరొక పని పప్పుధాన్యపు మొక్కల వేర్లలో నత్రజనిని స్థిరీకరించే బాక్టీరియా పెంపకం. ఆ బాక్టీరియాను దూదిపై ఆరబెట్టి రైతులకు పంపే పద్ధతిని రూపొందించి, 1904లో దాని పేటెంటును ప్రజల ఉపయోగానికి వదిలివేశాడు. పత్రికలు ఎంతగానో ప్రశంసించాయి. అయితే దూదిపై ఆరిన బాక్టీరియా ఎక్కువ కాలం జీవించవని తరువాత తేలింది. ఇంతలో ఆ బాక్టీరియాను అమ్మే ఒక వ్యాపార సంస్థ వాటాలతో మూర్ కుటుంబానికి సంబంధం ఉందన్న విషయం వెల్లడి కాగా, 1905లో ఈయన పదవికి రాజీనామా చేశాడు. అప్పటికి ఈయన వయసు 34 సంవత్సరాలు.

మిస్సోరీ బొటానికల్ గార్డెన్

తరువాత మసాచుసెట్స్‌లోని వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలో మూర్ వృక్షశాస్త్రం బోధించాడు. 1909లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1912లో విలియం ట్రెలీజ్ తరువాత మిస్సోరీ బొటానికల్ గార్డెన్ సంచాలకుడయ్యాడు. 1914లో ఈ సంస్థ శాస్త్ర పత్రిక ప్రారంభమైనది ఇతని హయాంలోనే.

ఆ కాలంలో సెయింట్ లూయిస్ నగరం బొగ్గు పొగతో నిండిపోయేది. పొగ వలన తోటలోని మొక్కలు, ముఖ్యంగా ఆర్కిడ్‌లు దెబ్బతిన్నాయి. మొక్కలను కాపాడటానికి 1925లో నగరానికి దూరంగా గ్రే సమ్మిట్ వద్ద స్థలం కొని, ఆర్కిడ్‌లను అక్కడికి తరలించారు. 1939 నవంబరు 28న నగరంలో పట్టపగలే చీకటి కమ్మింది. 1940లో పొగను నియంత్రించే నగర చట్టం వచ్చింది. 1953లో మూర్ పదవీ విరమణ చేశాడు. 1956లో, తన 85వ ఏట మరణించాడు. వృక్షశాస్త్ర నామాలలో ఇతని పేరును జి.టి.మూర్ అని సూచిస్తారు.

తరువాతి అనుభవాలు

మూర్ పద్ధతి దీర్ఘకాలిక ఫలితాలు ఆయన మరణానంతరం బయటపడ్డాయి. మిన్నెసోటా రాష్ట్రంలోని ఫెయిర్‌మాంట్ సరస్సులలో 58 సంవత్సరాల పాటు కాపర్ సల్ఫేట్ వాడారు. 1984లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అడుగు బురదలో రాగి పేరుకుపోయింది. హరిత శైవలాల స్థానంలో మందుకు అలవాటు పడిన నీలిఆకుపచ్చ శైవలాలు పెరిగాయి. నీటి మొక్కలు కనుమరుగయ్యాయి. బురదలో బ్రతికే జీవులు తగ్గాయి. విలువైన చేపల స్థానంలో నాసిరకం చేపలు వచ్చాయి.

1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ద్వీపంలో తాగునీటి జలాశయంపై నాచు పెరగగా కాపర్ సల్ఫేట్ వేశారు. కొద్ది రోజులలోనే 148 మంది కాలేయ సంబంధ వ్యాధితో అస్వస్థులయ్యారు. వారిలో 138 మంది పిల్లలే. నీలిఆకుపచ్చ శైవలాల కణాలు పగిలి, వాటిలోని విషం ఒక్కసారిగా నీటిలో కలవడమే దీనికి కారణమని తరువాత గుర్తించారు. నీటి వాసనను పోగొట్టే మందే ఇక్కడ కంటికి కనబడని విషాన్ని విడుదల చేసింది. అప్పటి నుండి తాగునీటి జలాశయాలలో నాచు దట్టంగా పెరిగిన తరువాత మందు వేయడం ప్రమాదకరమని భావిస్తున్నారు.

తెలుగు ప్రాంతాలకు ప్రాసంగికత

నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు మెట్ట భూములు. ఇక్కడి వ్యవసాయానికి వర్షాధారపు చెరువులు ఎంతో ముఖ్యం. ఆత్మకూరు సమీపాన పెన్నా నదిపై 78 టి.ఎం.సి.ల సామర్థ్యం గల సోమశిల జలాశయం ఉంది. ఇక్కడి నుండి నీరు కండలేరు మీదుగా చెన్నై నగరానికి తాగునీటిగా కూడా వెళుతుంది. వేసవిలో నీరు తగ్గి, వేడెక్కి, పశువుల పేడ, ఎరువుల లవణాలు చేరే లోతు తక్కువ చెరువులలో నాచు త్వరగా పెరుగుతుంది. ఇటువంటి చెరువులలోనే బొచ్చె, శీలావతి వంటి చేపలను పెంచుతారు. పశువులు తాగేది కూడా ఆ నీటినే.

మూర్ లెక్కను ఇటువంటి చెరువుకు అన్వయించి చూడవచ్చు. ఒక హెక్టారు విస్తీర్ణం, ఒక మీటరు లోతు గల చెరువులో కోటి లీటర్ల నీరు ఉంటుంది. పది లక్షల పాళ్ళకు ఒక పాలు చొప్పున మందు వేయాలంటే 10 కిలోల మైలతుత్తం కావాలి. అందులో నాలుగవ వంతు, అంటే రెండున్నర కిలోలు రాగి. వేసవిలో అదే చెరువు లోతు అర మీటరుకు తగ్గితే, అదే 10 కిలోలు రెట్టింపు మోతాదు అవుతుంది. ఆ రాగి ఎక్కడికీ పోదు, బురదలో చేరుతుంది. వేసవిలో చెరువు మట్టిని పొలాలకు తోలినప్పుడు అది పొలానికి చేరుతుంది. తాగునీటిలో రాగి లీటరుకు 0.05 మిల్లీగ్రాములకు మించరాదని, ప్రత్యామ్నాయం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం నిర్దేశిస్తుంది.

నాచుకు అసలు ఆహారం భాస్వరం, నత్రజని లవణాలు. రాగి వాటిని తొలగించదు. పైగా చనిపోయిన నాచు నుండి అవి తిరిగి నీటిలోకే చేరతాయి. అందుచేత మురుగును, ఎరువుల ప్రవాహాన్ని చెరువులోకి రాకుండా ఆపడం, పూడిక తీయడం మొదటి కర్తవ్యాలుగా నేడు భావిస్తారు. తప్పనిసరి అయినప్పుడు మాత్రమే, నీటి పరిమాణాన్ని, క్షారత్వాన్ని కొలిచి, నిపుణుల సలహాతో కాపర్ సల్ఫేట్ వాడాలి. కొలవకుండా వేయరాదన్న నియమం మూర్ పట్టికలలోనే ఉంది. ఆ నియమాన్ని విస్మరిస్తే చేపలకు, చెరువులకు నష్టం కలుగుతుంది.